ఏ బుధవారమైనా సరే

మా మామగారు నేచోతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు, పండగ వంటల మీద మాత్రం అపారమైన భక్తి. నేను కాపురానికి వచ్చి యాభై ఏళ్లు దాటింది. అప్పట్లో ఆయన మా బల్గేరియా కొండల్లోని చిన్న ఊరికి హెడ్‌మాస్టరు, కమ్యూనిస్టు పార్టీ మనిషి. నేను చేసిన జున్ను పొరల రొట్టె రెండో ముక్క అందుకుంటూ మతం జనాన్ని ఎలా మభ్యపెడుతుందో చెప్పడం మొదలుపెట్టేవారు. నాలుగో ముక్కతో ఉపన్యాసం ముగిసేది. ఇప్పుడూ అదే రొట్టె చేస్తున్నాను. నాలుగో ముక్క మిగిలిపోతోంది.

"మనిషి మంచిగా బతకడానికి పైవాడి బెదిరింపు ఎందుకమ్మా? తప్పు చేసినవాడు ఏ బుధవారమైనా వెళ్లి ఒప్పుకోవచ్చు. దానికో పండగ ఆదివారం కావాలా?" అనేవారు.

ఆయన వెక్కిరించేది క్షమాపణల ఆదివారాన్ని. ఈస్టరు ముందు వచ్చే పెద్ద ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, చేతిని ముద్దాడి, "నా వల్ల నొచ్చుకుని ఉంటే క్షమించు" అనాలి. "దేవుడు క్షమిస్తాడు" అని పెద్దవాళ్లు అనాలి. తర్వాత ఎర్రదారానికి ఉడికిన గుడ్డు కట్టి ఊపుతారు. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నోటితో అందుకోవాలి. ఆ మాత్రం మతాన్ని పార్టీ కూడా చూసీ చూడనట్టు వదిలేసేది.

మామగారి తమ్ముడు రాద్కో వడ్రంగి, చర్చికి వెళ్లే మనిషి. ఏటా వచ్చి అన్న చెయ్యి ముద్దాడేవారు. "దేవుడి సంగతి నాకు తెలీదురా, నేనైతే క్షమించాను" అనేవారు మామగారు, ఆ ఉద్యోగం తనకే ఇచ్చినట్టు.

అసలు తప్పు తమ్ముడిది కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. వాళ్లమ్మ దోబ్రా, ఆఖరి ఘడియలో చేతిలో వెలిగించడానికని, తన పెట్టెలో ఒక తేనెమైనపు కొవ్వొత్తిని చేతిరుమాలులో చుట్టి దాచుకుంది. పోయేముందు నా ఎదుటే అడిగింది, "ఫాదరును పిలవండి, ఇది నా చేతిలో పెట్టండి" అని. మామగారు ఫాదరును పిలవలేదు, శవయాత్రకు పార్టీ బ్యాండు మేళాన్ని పిలిచారు. రాద్కో బతిమాలితే, "ఇది సిద్ధాంతం" అన్నారు. కొవ్వొత్తి కనిపించలేదు.

ఆవిడ పోయిన పదకొండో ఏడు, ఆ ఆదివారానికి ముందు రోజు, నేను హల్వా పట్టుకుని చినమామయ్య రాద్కో ఇంటికి వెళ్లాను. ఆయన చెక్క చిత్రిక పడుతున్నారు.

"రేపు నేను రానమ్మా," అన్నారు తలెత్తకుండా.

"ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్లు బానే ఉంది. తప్పులే అయిపోయాయి. పదేళ్లుగా ఆయన చేసినదానికి నేను క్షమాపణ అడుగుతున్నా. ఇంక నా దగ్గర సరుకు లేదు."

"మామయ్యకు ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పకు. చదువుకున్నవాడు కదా."

పెద్దల మాట జవదాటడం నాకు అలవాటు లేదు. ఏమీ చెప్పలేదు. పైగా ఆదివారం చినమామయ్య కంచం కూడా వేసి, మామగారికి ఎదురుగా పెట్టాను.

ఆయన కిటికీ దగ్గర నిలబడి వాతావరణం పరిశీలించారు. మా అమ్మాయి గుడ్డు అందుకుంటే చప్పట్లు కొట్టలేదు. రొట్టె మొదటి ముక్కే సగం మిగిలింది.

"దారంతా బురదగా ఉన్నట్టుంది," అన్నారు.

"ఎండిపోయి మూడు రోజులైంది మామయ్యా."

"మతం ఉన్నవాడు వాడు. రావలసింది వాడే. వాళ్ల పద్ధతి అది."

"మరి మతం లేనివాళ్ల పద్ధతేంటి మామయ్యా?"

కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. సోమవారం, మంగళవారం ఇంట్లో ఉపన్యాసాలు లేవు.

మూడోరోజు పొద్దున కోటూ టోపీ వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "చిక్కుడుగింజల పులుసు చెయ్యమ్మా. వెన్న వెయ్యకు, వాడు ఉపవాసంలో ఉంటాడు."

"ఇవాళ బుధవారం మామయ్యా."

"నాకు తెలుసు."

గిన్నె పట్టుకుని వెంట నడిచాను. స్మశానం గేటు దగ్గర ఆయన టోపీ తీశారు, దాటాక పెట్టుకున్నారు. ఆ ఆదివారం లేకపోతే ఈ బుధవారం వచ్చేదా అని దారంతా ఆలోచించాను. ఆ అన్నదమ్ముల్లో ఎవరి మాట నెగ్గిందో నాకిప్పటికీ తేలలేదు.

అన్న గుమ్మంలో కనబడగానే చినమామయ్య ఒక చేతిలో చిత్రికతోనే, అలవాటుకొద్దీ చెయ్యి అందుకోబోయారు. మామగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు, గుడ్డు కోసం నిలబడ్డ పిల్లాడిలా.

"ఇవాళ నీ వంతు కాదురా."

"కూర్చో అన్నయ్యా."

"కూర్చుంటే చెప్పలేను. అమ్మ ఫాదరును అడిగింది. నేను సిద్ధాంతం అన్నాను. సిద్ధాంతమూ కాదు, ఏమీ కాదు. హెడ్‌మాస్టరు కుర్చీ పోతుందని భయం." ఊపిరి తీసుకున్నారు. "కొవ్వొత్తి ఏమైందని నువ్వెప్పుడూ అడగలేదు."

"అడిగితే చెప్పేవాడివా?"

"నేనే తీశాను. బడిలో కరెంటు పోయిన రోజు వెలిగించి, దాని వెలుగులో రిపోర్టు రాశాను. అయిపోయేదాకా రాశాను."

చినమామయ్య చిత్రిక కింద పెట్టేశారు. పులుసు గిన్నె నా చేతులు కాలుస్తున్నా కదలలేదు.

"అమ్మకు నమ్మకం ఉండేది, నాకు లేదు. ఇప్పటికీ లేదు," అన్నారు మామగారు. "కానీ నేను చేసింది తప్పురా రాద్కో. తప్పే."