సొట్టపడిన తలుపు

ఆ ఉదయం భార్యాభర్తలిద్దరూ పోట్లాడుకుంటూనే కారెక్కారు. కొనబోయే బీరువా చెక్కదా, ఇనుపదా అన్నదే గొడవ. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఎవరొచ్చి అడిగినా "అర నిమిషం ఆగండి, ఇచ్చేస్తా" అంటాడు కాబట్టి బజారంతా ఆయన్ను అరనిమిషం అనే పిలుస్తుంది. ఆవిడకు ఆ పక్కనే కుట్టుపని దుకాణం, అందరికీ టైలరమ్మ. చెక్కకు చెదలు పడతాయని ఆవిడ, ఇనుముకు మాత్రం తుప్పు పట్టదా అని ఆయన వాదించుకుంటూ కూడలి దాటుతున్నారు. పక్కవీధిలోంచి సరుకుల వ్యాను ఒకటి ఆగకుండా దూసుకొచ్చి, ఆయన కూర్చున్న వైపు తలుపును గుద్దింది. కారు గిర్రున తిరిగి దీపస్తంభానికి ఆనుకుని ఆగింది.

కాసేపు ఆవిడకు ఏమీ వినిపించలేదు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. మణికట్టు అప్పుడే వాచిపోయింది. ఎవరో ఆవిడను బయటికి దించి పక్కనున్న దుకాణం మెట్ల మీద కూర్చోబెట్టారు. ఆమె వెనకే ఆయనా బయటికొచ్చాడు. చొక్కా దులుపుకున్నాడు. గుండీ కూడా ఊడలేదు. పగిలిన గాజుపెంకులను చెప్పుతో పక్కకు నెట్టాడు, వ్యాను నడిపినవాడు గజగజ వణుకుతుంటే వాడికే ధైర్యం చెప్పాడు. చుట్టూ చేరిన జనం ఆవిణ్ణి చూసి అయ్యో అంటున్నారు, ఆయన్ను చూసి అదృష్టవంతుడివయ్యా అంటున్నారు. ఆవిడకూ అలాగే అనిపించింది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు తనే దెబ్బలన్నీ తిన్నదని, ఆయనకు మాత్రం గోరంత గీత కూడా పడలేదని కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన నర్సు నడివయసు మనిషి, ఆ పనిలో తల పండినది. టైలరమ్మ నుదుటికి గట్టిగా కట్టు కట్టింది, కళ్లలోకి చూసింది, మెడ తడిమింది, చేతికి బద్ద వేసింది. ఆ వెంటనే లేచి కారు దగ్గరికి వెళ్లింది. లోపలికి తల పెట్టి చూసింది. ఆయన వైపు తలుపు సీటు సగం దాకా లోపలికి చొచ్చుకుపోయి ఉంది.

మనిషిని వదిలేసి కారు చూస్తోందేమిటా అని టైలరమ్మకు ఒళ్లు మండింది. సొట్టలు మెకానిక్కు చూసుకుంటాడులే అని అనేసింది కూడా. నర్సు వినిపించుకోలేదు. తిరిగొచ్చి ఆయన ముందు నిలబడింది.

"మీరు ఎటునుంచి దిగారండీ?"

"మా ఆవిడ వైపు నుంచి. నా తలుపు రాలేదు. నాకేం కాలేదమ్మా, ముందు ఆవిణ్ణి చూడండి. అర నిమిషంలో నేనే వచ్చి బండెక్కుతా."

నర్సు ఆయన్ను ఒక్క అడుగు కూడా వేయనివ్వలేదు. అంబులెన్సు డ్రైవరును పిలిచి, ఇద్దరూ కలిసి ఆయన్ను స్ట్రెచరు మీద పడుకోబెట్టారు, మెడకు పట్టీ బిగించి, ఒక చేతికి సెలైను పెట్టారు. పొట్ట పక్కన చెయ్యి పెట్టగానే ఆయన మొహం చిట్లించాడు, వెంటనే నవ్వేశాడు. బీపీ బాగానే ఉంది. నాడి మాత్రం కొంచెం వేగంగా కొట్టుకుంటోంది. నర్సు ఫోనులో ఎవరితోనో మాట్లాడి, సర్జన్లు ఉండే పెద్దాసుపత్రికి వెళ్దామని డ్రైవరుతో చెప్పింది.

టైలరమ్మ ఊరుకోలేదు. ఎదురుగా వీధి చివరే ఆసుపత్రి ఉండగా అంత దూరం ఎందుకని నిలదీసింది. రక్తం కారేది తనకైతే పడుకోబెట్టింది ఆయన్నా అని అడిగింది.

నర్సు గొంతు పెంచలేదు. "అమ్మా, ఆ తలుపు ఎంత లోపలికొచ్చిందో చూశారుగా. అక్కడ కూర్చున్నది ఆయనే. అంత దెబ్బ తగిలినప్పుడు మనిషి మాట్లాడుతున్నాడని నమ్మకూడదు. లోపల రక్తం పోతున్నా ఒళ్లు కాసేపు ఓర్చుకుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోతుంది. వీధి చివర ఆసుపత్రిలో కోసి చూసేవాళ్లు లేరు."

టైలరమ్మ ఆయన పక్కనే కూర్చుంది. బండి కదిలింది. దారిలో ఆయన కబుర్లు ఒక్కొక్కటే తగ్గాయి. దాహమన్నాడు. నర్సు నీళ్లివ్వలేదు. చలేస్తోందన్నాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి, పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. నర్సు రెండో చేతికి కూడా సెలైను ఎక్కించింది. ఇప్పుడు ఆమె చేతులు వేగంగా కదులుతున్నాయి.

ఆయన భార్య వైపు చూశాడు. చూపు ఎక్కడో ఉంది.

"అక్కా, లైటార్పెయ్" అన్నాడు.

ఆయనకు తోడబుట్టినవాళ్లు లేరు. టైలరమ్మ ఆయన మీదికి వంగింది. "ఏవండీ, నేనండీ" అంది. ఇందాక చొక్కా దులుపుకున్న మనిషి, వ్యానువాడి భుజం తట్టిన మనిషి, తన కళ్లముందే ఎవరో తెలియనివాడిలా అయిపోతున్నాడు. ఏ గాయమూ కనబడటం లేదు. ఎక్కడ పట్టుకోవాలో, దేన్ని ఆపాలో ఆమెకు తెలియలేదు. ఆయన పాదాన్ని మంచి చేత్తో గట్టిగా పట్టుకుంది. అది మంచుముక్కలా ఉంది.

ఆసుపత్రి గుమ్మంలో మనుషులు స్ట్రెచరు కోసం నిలబడి ఉన్నారు. ఫోను అందగానే రక్తం సీసాలు సిద్ధం చేసి, ఆపరేషను గది ఖాళీగా ఉంచారట. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. తలుపులు ఊగి మూసుకున్నాయి.

ఆమె తమ్ముడు పరుగెత్తుకొచ్చి అక్క నుదుటి కట్టు చూసి ఏడుపు మొదలుపెట్టాడు. తనకేం కాలేదని, బావకని చెప్పాలనుకుంది. మూసిన తలుపుల వైపు చెయ్యి చూపించింది. వాడికి అర్థం కాలేదు.

సర్జను బయటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కాలేయం చీలిందని, పొట్టంతా రక్తంతో నిండిపోయిందని, కుట్టామని చెప్పాడు. ఇంకొంచెం ఆలస్యమైతే కుట్టడానికి మనిషి ఉండేవాడు కాడన్నాడు. బతుకుతాడా అని తమ్ముడు అడిగాడు. బతుకుతాడనే అనుకుంటున్నామన్నాడు సర్జను.

మర్నాడు ఆయన్ను చూడనిచ్చారు. నోట్లో గొట్టం, ఒంటి నిండా తీగలు. ఆమె వేలు తగలగానే ఆయన కనురెప్పలు కదిలాయి. ఆమె అక్కడే నిలబడి ఆ ఒంటినంతా వెతికి వెతికి చూసింది. పక్కటెముకల కింద అరచేయంత మేర ఇప్పుడు నల్లగా కమిలి ఉంది. నిన్న ఆ చోట ఏమీ లేదు.

బయటికొస్తుంటే ఎదురుగా ఆ నర్సు ఇంకో రోగిని దించుతూ కనబడింది. ఆయనెలా ఉన్నాడని కళ్లతోనే అడిగింది. పరవాలేదన్నట్టు టైలరమ్మ తల ఊపింది. గోడవారన అలాగే నేల మీద కూలబడింది. నర్సు గబగబా వచ్చి పక్కన కూర్చుని, ఆమె నాడి పట్టుకుని చూసింది.