కొమ్మన కట్టడి

జ్యేష్ఠమాసపు తుదిదినములు. వేసవి యంతయు నిప్పులు చెఱిగి చెఱిగి అలసిన సూర్యుడు పడమటి కొండల మీదుగా ప్రాకివచ్చు నీలమేఘమాలికల చాటున మోము దాచుకొన నెంచుచుండగా, నెఱ్ఱెలు వాఱిన నేలపై తొలకరి గాలి మట్టివాసన మోసికొని తిరుగుచుండగా, ఎగువ నడవులలో కురిసిన వానకు ఎఱ్ఱవాఱిన చింతలేరు నురుగులు గ్రక్కుచు ఒడ్డులొరసి పరువిడుచుండగా, ఆ యేటికడ్డముగా వజ్రగిరి సంస్థానాధీశ్వరి చినమల్లాంబాదేవి కట్టించుచున్న ఆనకట్టపై వందలకొలది కూలిజనులు వానలు ముదురకమునుపే పని ముగింపవలెనను తొందరలో రాళ్లెత్తుచు సున్నము కలుపుచు కేకలిడుచుండిరి.

ఆ కోలాహలమునకు కూతవేటు దూరమున తాటాకుపందిరి క్రింద కూర్చుండిన సింగన మేఘములను గాని యేటిని గాని చూచుటలేదు. పందిరి ముంగిట నిలిచి కూలివారితో నవ్వుచు మాటలాడుచున్న కొమ్మన ముంజేతి వెండికంకణముపై అతని చూపు నిలిచియుండెను. ఆ కంకణము ఆపత్సేవాదళ నాయకత్వమునకు గుఱుతు.

ఆ దళమేమో పాఠకులకు తెలుపవలసియున్నది. దేవిగారి సోదరుడు వేటలో గుఱ్ఱముపైనుండి పడి, వైద్యశాలకు మోసికొని వచ్చులోపల త్రోవలోనే ప్రాణములు విడిచెను. నాటినుండి ఆమె, రోగి వైద్యుని వెదకికొని పోవుట గాక వైద్యుని చేయియే రోగిని వెదకికొని పోవలెనని సంకల్పించి, గాయములు కట్టుటయందును ఎముకలు సరిచేయుటయందును ఆఱితేఱినవారిని సమకూర్చి డోలీలతో మందులతో సర్వకాలములందును సన్నద్ధులై యుండునట్లు ఏర్పాటు చేసెను. గాయపడినవారు పెక్కండ్రై కట్టు చేతులు కొద్దియైనపుడు ఏమి చేయవలెనో ప్రథమనాయకుడగు పెద్దిభట్టు కట్టడిగా నియమించెను. ఇప్పుడు చేయి సోకినచో బ్రతికి సోకనిచో చచ్చువానికి ఎఱ్ఱనూలు, వేచియుండగలవానికి పసుపునూలు, మానవప్రయత్నమున నిలువనివానికి తెల్లనూలు కట్టవలెను. తెల్లనూలు కట్టినవానికి నీడయు నీరును మంచిమాటయు మాత్రమే దక్కును. "నూలు కట్టువాడు మనుష్యుని చూడరాదు, గాయమును చూడవలెను. రాజబంధువు నెత్తురైనను రాళ్లు మోయువాని నెత్తురైనను ఎఱ్ఱగానే యుండును" అని ఆ వృద్ధుడు పలుమాఱు చెప్పుచుండెడివాడు.

సింగన దళము పుట్టిననాటనుండియు అందున్నవాడు. పెద్దిభట్టు ముదిమిచే విశ్రమించినపుడు నాయకత్వము సింగనదే యని అందఱును అనుకొనిరి. అందఱికంటె నెక్కువగా సింగన అనుకొనెను. కాని దేవిగారు దక్షిణదేశమునుండి కొన్నియేండ్ల క్రిందట వచ్చిన కొమ్మన చేతికి కంకణము తొడిగిరి. నాటినుండి సింగన హృదయమున అసూయ యను కుంపటి రాజుకొనెను. అది మండి బూడిదయైనను బాగుండెడిది. ఊకలో నిప్పువలె పైకి పొగయైనను కానరాక లోలోపల కాలుచుండెను.

కొమ్మన దుర్మార్గుడైనచో సింగనకు కొంత ఊఱట కలిగియుండును. కాని కొమ్మన సింగనను "అన్నా" యని పిలుచును. కఠినమైన గాయము తటస్థించినపుడు పదుగురెదుట "అన్న యెట్లు చెప్పిన నట్లు చేయుదము" అనును. ఆ గౌరవము సింగనకు భిక్షవలె తోచెడిది. నడిరేయి మేల్కొని కొమ్మన కట్టిన కట్లలో తప్పులు వెదకెడివాడు. దొరకనిచో నిద్రపట్టదు. దొరికినచో సంతోషముచే నిద్రపట్టదు. ఒకనాడు అతని యిల్లాలు వెంగమాంబ మజ్జిగ వడ్డించుచు "మా తమ్ముని వ్రేలికి కొమ్మనగారు పూసిన మందు ఎంత చక్కగా పనిచేసినదో" అనగా, సింగన "నాకు మజ్జిగ వలదు" అని విస్తరిముందునుండి లేచిపోయెను. మజ్జిగ చేసిన యపరాధమేమో ఆమెకు తెలియదు. తెలిసిన సింగనకు చెప్పుటకు నోరు రాదు.

అట్లు కంకణమువైపు చూచుచున్నవాని చెవిలో పిడుగు పడినట్లు చప్పుడు వినబడెను. ఆనకట్ట నడుమ పరంజా విఱిగి దానిపై పేర్చిన బండలతో మనుష్యులతో సహా క్రింద కూలెను. దుమ్ము మేఘమువలె లేచెను. దుమ్ము వెనుకనుండి ఆర్తనాదములు లేచెను.

అందఱికంటె ముందు పరువెత్తినవాడు కొమ్మన. ఒకదానిపై నొకటి వాలియున్న రెండు బండల నడుమ గౌరి యను కూలిస్త్రీ చిక్కుకొని యఱచుచుండగా, పైనున్న రాళ్లు కదలుచున్నవని సింగన కేకవేయుచుండగనే, కొమ్మన ఆ సందులో దూఱి ఆమెను వెలికి నెట్టెను. ఆమె వచ్చెను. కొమ్మన వచ్చులోపల పైబండ జాఱి అతనిని అదిమివేసెను. పదుగురు కూలివారు గునపములతో బండ నెత్తి అతనిని ఈవలకు లాగి యిసుకపై పరుండబెట్టిరి.

నాయకుడు పడినపుడు దళమునకు పెద్ద సింగనయే. అతడు కోరిన అధికారము అతనికి వచ్చెను. వచ్చిన తీరు మాత్రము కోరినది కాదు.

వైద్యశాల యేటికావలిగట్టున నున్నది. శస్త్రము పట్టగల వైద్యుడును అతని పరికరములును అచ్చటనే యున్నవి. ప్రొద్దున వచ్చిన వరద ఏరు దాటించు పుట్లన్నిటిని ఈడ్చుకొనిపోగా మిగిలినది ఒక్క పుట్టి. అందు పండుకొనబెట్టుటకు ఇరువురికే చోటు. ఆ వడిలో పోయి మఱల వచ్చుటకు జాముసేపు పట్టును. సింగన వడివడిగా ఒక్కొక్కరిని చూచుచు పోయెను. కాలు విఱిగినవారికి నొసలు చిట్లినవారికి పసుపునూలు కట్టించెను. ప్రక్కటెముకలు విఱిగి ఊపిరికై పెనగులాడుచున్న పోలయ యను తాపీవానికి ఎఱ్ఱనూలు. గౌరి దండచేతి నెత్తురునాళము తెగినది. దళములో ఎముకలు సరిచేయుటయందు పేరుగన్న నాగసాని ఆమె బాహుమూలమును రెండు వ్రేళ్లతో అదిమిపట్టి నెత్తుటినాపుచుండెను. ఆమెకును ఎఱ్ఱనూలు. చోటు రెండు, ఎఱ్ఱనూళ్లు రెండు. లెక్క సరిపోయెను.

అప్పుడు సింగన కొమ్మనకడ మోకరిల్లెను. కన్నులు మూతపడియున్నవి. పెదవులు పాలిపోయినవి. పురుషునకు కుడిచేతి నాడి చూచుట శాస్త్రము గనుక ఆ చేయి అందుకొని మూడు వ్రేళ్లుంచెను. నాడి లేదు. మఱల నొక్కి చూచెను. లేదు. చేయి చన్నీటివలె నుండెను. సింగన వ్రేళ్లు తమంత తామే మూటలోని తెల్లనూలును తాకెను.

ఆ క్షణమున అతని యెడదలో ఎచ్చటనో చీకటిమూల ఒక దీపము వెలిగినట్లయ్యెను. అది దుఃఖము కాదు. భయము కాదు. అది సంతోషము.

సింగన దానిని గుర్తుపట్టెను. పుట్టలో చేయిపెట్టి మెత్తనిది తగిలినవానివలె ఉలికిపడి నూలు వదలెను. "తెల్లనూలు కట్టినచో అది పెద్దిభట్టు కట్టడియా, నా కుంపటియా? ఇద్దఱును ఒకే మాట చెప్పుచున్నప్పుడు నేను వినుచున్నది ఎవరి గొంతును?" అని తనలో ననుకొనెను. ఆ పాపభయమున ఎఱ్ఱనూలు కట్టుదమా యన్నచో గౌరియో పోలయయో ఒడ్డున చావవలెను. తన అసూయకు పరిహారము చెల్లించుటకై కూలిదాని ప్రాణము తీయుట ధర్మమగునా? తెలుపు కట్టినను ఎఱుపు కట్టినను కట్టునది తన మలినహస్తమే.

అతడు లేచి నాగసానికడకు పోయెను.

"నాగసానీ, కొమ్మనను నీవు చూడుము. నా చూపు నమ్మదగినది కాదు."

"ఏల? కంట దుమ్ము పడినదా?"

"దుమ్ము కాదు. వాడు బ్రతుకడని తోచినప్పుడు నాకు సంతోషము కలిగినది. నేనేమి కంటినో నీకు చెప్పను. నీవు చూచి నీకు తోచిన నూలు కట్టుము."

నాగసాని నోటి దురుసుకు పేరుబడినది. కాని అప్పుడామె తిట్టలేదు. ఒక్కమాఱు అతని ముఖమువంక చూచి "ఆ మాట తరువాత విందును. ముందు ఈమె చేయి పట్టుకొనుము. వ్రేలు సడలించితివా, ప్రాణము పోవును" అని తన వ్రేళ్ల స్థానమున అతని వ్రేళ్లుంచి లేచిపోయెను.

ఆమె కొమ్మన ముక్కుకడ చెవియొగ్గెను. కంఠమున వ్రేళ్లుంచెను. ఎడమచేయి చూచెను. వెంటనే తలయెత్తి "సింగనా! కంఠమున నాడి చక్కగా ఆడుచున్నది. కుడిభుజము నలిగి ఆ చేతికి నెత్తురు పాఱుట లేదు. నీవు ఎడమచేయి చూడలేదా?" అని కేకవేసెను.

దళమున చేరిన క్రొత్తవారికి "ఒక చేత నాడి లేకున్న రెండవచేత చూడుడు, అచ్చట లేకున్న కంఠమున చూడుడు" అని బోధించువాడు సింగనయే. ఆనాడు తాను అబద్ధమాడలేదు. లేని నాడిని లేదనియే కనుగొనెను. అసూయ అతనిచేత అసత్యము పలికింపలేదు. వెదకుట మాత్రము ఒక్క చేయి చూచుటతో ఆపించెను. కొమ్మనను చంపుటకు అంతియే చాలియుండెడిది.

ఇప్పుడు ఎఱ్ఱనూళ్లు మూడు, చోటు రెండు. నాగసాని క్షణమాలోచించి "గౌరి నెత్తురు వ్రేలి క్రింద ఆగుచున్నది. వ్రేలు కదలనిచో పుట్టి మఱల వచ్చువఱకు ఆగును. కడమ యిద్దఱికిని మనము చేయగలది లేదు. వారు పోవలెను. నీవు పట్టియుండగలవా?" అని యడిగెను. సింగన తలయూచెను. కొమ్మనను పోలయను పుట్టిలో నుంచి నాగసాని వారితో సాగిపోయెను. ఎఱ్ఱని వరదలో పుట్టి గిరగిర తిరుగుచు చిన్నదై చిన్నదై కనుమఱుగయ్యెను.

సింగన యిసుకపై మోకాళ్లూని గౌరి భుజమును అదిమిపట్టియుండెను. వ్రేళ్లు మొదట నొచ్చెను, పిమ్మట మంటలెత్తెను, ఆపైన కొయ్యబాఱెను. వాన చినుకులు మొదలయ్యెను. గౌరి కన్నులు తెఱచి మెల్లగా అడిగెను.

"అయ్యా, ఆ నాయకయ్య బతుకుతాడా?"

"బ్రతుకును. మాటలాడకుము. సత్తువ దాచుకొనుము."

"నన్ను రాళ్లకింద నుంచి లాగినోడు ఆయనే గదయ్యా. దేవుడిలాంటోడు. అట్లాంటి చెయ్యి ఇంకోటి ఉండదు."

తన వ్రేళ్లక్రింద ఆమె ప్రాణము కొట్టుకొనుచుండగా ఆమె నోట వేఱొకని చేతి స్తుతి! సింగన గుండెలో ములుకు దిగబడెను. ఇంత జరిగినను, ఇంత యెఱిగినను, ఆ నొప్పి ఏమాత్రమును తగ్గకుండుట చూచి అతడే ఆశ్చర్యపడెను. ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెను. వ్రేలు మాత్రము వెంట్రుకవాసియైనను కదలింపలేదు.

"అవునమ్మా, అట్టి చేయి లేదు" అని పలికెను. ఆ మాట గొంతు దాటుటకు వ్రేళ్లనొప్పికంటె నెక్కువ శ్రమయయ్యెను.

పుట్టి మఱల వచ్చెను. పోలయ నడియేట ఊపిరి విడిచెనని దానితో వచ్చిన వైద్యుడు తెలిపెను. మొదట గౌరినే పంపియుండినచో ఏమగునో, పోలయకు బదులు మఱియొకరు పోయియుండినచో ఏమగునో ఎవ్వరును చెప్పజాలరు. ఇట్టి పనులలో సరియైన నిర్ణయమునకు కూడ శవము తోడుండుట కలదు. గౌరి బ్రతికెను. ఆమె చేయియు నిలిచెను. కొమ్మన బ్రతికెను. కాని కుడిచేయి మోచేతి క్రిందనుండి తీసివేయవలసివచ్చెను.

కొన్నివారముల పిమ్మట సింగన వైద్యశాలకు పోయి కొమ్మన మంచముప్రక్కన కూర్చుండి జరిగినదంతయు దాపఱికము లేక చెప్పెను. కొమ్మన నవ్వి క్షమించునేమోయని సింగన భయపడుచుండెను. అతడు నవ్వలేదు.

"అన్నా, నాకు కోపముగా నున్నది" అనెను. "నీవు నాగసానిని పిలిచితివి గనుక బ్రతికితిని. పిలువవలసిన స్థితి నీలో నున్నది గనుక చావబోతిని. ఈ రెంటిలో దేనికి నిన్ను ఏమనవలెనో తెలియకున్నది."

"ఏమియు ననవలదు. ఒక్కటి చేయుము. నూలు కట్టువాడు గాయపడినవానియెడల ప్రేమయైనను పగయైనను అసూయయైనను చుట్టఱికమైనను కలవాడైనచో, తాను కట్టక ఇంకొకరిని పిలువవలెనని దళమునకు కట్టడి చేయింపుము. పిలుచుట సిగ్గని యెంచరాదనియు చేర్పుము."

కొమ్మన ఆ కట్టడిని నిండుకొలువులో దేవిగారికి విన్నవించెను. "ఇది నా యోచన కాదు, సింగనన్న యోచన" అని స్పష్టముగా పలికెను. సభ యంతయు విన్నది. కాని ఒంటిచేతితో నిలిచి చెప్పుచున్న వీరుని చూచి కన్నీరు నింపుకొన్నవారి చెవులలో ఆ పేరు నిలువలేదు. దండోరా వేయువాడు వీథులవెంట "కొమ్మన కట్టడి" యని చాటెను. జనులు దాని నట్లే పిలిచిరి. దళమున క్రొత్తగా చేరినవారు అట్లే వల్లించిరి. కొమ్మన పలుమాఱు సరిదిద్దెను. లోకము దిద్దుకొనలేదు. కడకు సింగనకు నిందించుటకైనను ఒక మనిషి మిగులలేదు.

తన హృదయములోని కుళ్లును తానే చీల్చి తీసిన మందునకు పగవాని పేరు! ఆ పేరు వినబడినపుడెల్ల సింగనకు తేలుకుట్టినట్లే యుండెడిది. ఏండ్లు గడచినను విషము దిగలేదు. అది దిగెనని చెప్పి కథను తీపిచేయుట మాకు తగదు.

అయినను శిక్షణదినములందు క్రొత్తవారిని పందిరి క్రింద కూర్చుండబెట్టి ఆ కట్టడిని చెప్పువాడు సింగనయే. అతడు దానిని ఆ పేరుతోనే చెప్పెడివాడు. చెప్పునపుడు చూపు నేలకు దించుకొనెడివాడు. క్రొత్తవారు దానిని భక్తియనుకొనెడివారు. ఒకనాడు వారిలో నొకడు "అయ్యా, మనసులో మాలిన్యమున్నవాడు ఈ పనికి తగునా?" అని యడిగెను. సింగన తన వ్రేళ్లవంక చూచుకొని "మాలిన్యము లేనివాడు దొరకువఱకు గాయపడినవాడు ఆగడు నాయనా" అని పలికి పాఠము కొనసాగించెను.