ఆపమన్న మాట

ప్రతి ఆదివారం మధ్యాహ్నం తవిటయ్య తన రైల్వే క్వార్టరు తలుపులు మూసి, గోడకు పంచె కట్టి, ఉన్న ఒకే ఒక్క సినిమా వేసేవాడు. వేలంలో కొన్న పాత ప్రొజెక్టరు, పదహారేళ్ల కిందటి రీలు. ఖరిదా పేట తెలుగు క్లబ్బు వాళ్లు కాసాయి నది ఒడ్డున చేసుకున్న వనభోజనాలు అందులో ఉన్నాయి. డప్పు కొడుతున్న దేముడు ఆ తర్వాత రైలుపెట్టెల షంటింగులో బండి కింద పడి చనిపోయాడు. పరుగు పందెం గెలిచిన సమూయేలు క్షయతో పోయాడు. పంచె మీద మాత్రం ఇద్దరూ వారం వారం వచ్చి, పది నిమిషాలుండి వెళ్లేవారు. మన బతుకూ ఇంతే కదా అని భార్య చిలకమ్మ కళ్లు తుడుచుకునేది. తవిటయ్యకు ఆ వేదాంతం ఎక్కేది కాదు. అతను చూసేది గోవిందరావునొక్కణ్ణే, పళ్లు కొరుకుతూ.

గోవిందరావు అప్పట్లో క్లబ్బు సెక్రటరీ, తవిటయ్య అక్కడి ప్రొజెక్టరు ఆపరేటరు. ఈ రీలు మొదటిసారి వేసిన రోజున తన మెడలో దండ పడే బొమ్మ రాగానే, ఆఫీసర్లంతా తీరిగ్గా చూడాలని, ఆ పెద్దమనిషి ఆపమన్నాడు. ఆపితే దీపం వేడికి ఫిల్ము కాలిపోతుందని తవిటయ్య చెప్పినా వినలేదు. ఆపాడు, కాలింది. విచారణలో గోవిందరావు తాను అననే లేదన్నాడు, ఆపరేటరు కునికాడన్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు మిషను చప్పుడులో తమకేమీ వినబడలేదన్నారు. తవిటయ్య పని ఊడి, నిమ్‌పురా షెడ్డులో రైలింజన్ల బూడిద ఎత్తాడు. పారేసిన రీలు తెచ్చి అతికించుకున్నాడు.

ఇప్పుడా గోవిందరావే గడప దగ్గర నిలబడ్డాడు. నెల కిందట భార్య లలిత పోయింది. ఫోటోలున్నాయట, కానీ ఆవిడ నడక జ్ఞాపకం రావడం లేదట. ఆ రీల్లో ఆవిడ ఉంది, ఒక్కసారి చూపించమన్నాడు. చిలకమ్మ బల్ల వేసింది.

రీలు తిరిగింది. లలిత గరిటెతో వడ్డిస్తూ వచ్చి, నుదురు తుడుచుకుని, ఇటు చూసి నవ్వింది.

"ఆపు తవిటయ్యా," అన్నాడు గోవిందరావు.

తవిటయ్య మిషను ఆపకుండానే తల తిప్పాడు. పదహారేళ్లుగా ఎదురుచూసిన మాట.

"ఆపితే ఏటవుద్దో తెల్దేటి బాబూ? ఆ దినం ఆపమన్నదెవులు?"

 గోవిందరావు పంచె మీంచి చూపు తిప్పకుండానే, నేనేనన్నాడు. చిలకమ్మ వినేలా చెప్పమని తవిటయ్య అంటే మళ్లీ చెప్పాడు. ఈలోగా లలిత పంచె అంచు దాటి వెళ్లిపోయింది. మళ్లీ వేయమని చేతులు జోడించాడు.

తవిటయ్య రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేశాడు. లలిత వచ్చింది. ఈసారి గోవిందరావు నోటికి కండువా అడ్డం పెట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చున్నాడు. ఆవిడ ఇటు తిరిగి నవ్వగానే తవిటయ్య ఆపేశాడు.

నవ్వు నడుమ గోధుమరంగు మచ్చ లేచింది, ఉబ్బింది, చిల్లు పడింది. ముఖమంతా పోయి, ఖాళీ పంచె మీద తెల్లటి వెలుగు మిగిలింది. తవిటయ్యకు కడుపు చల్లబడింది.

"మీరు ఆపమన్నారు, ఆపినాను," అన్నాడు.

గోవిందరావు లేచాడు. తాను ఈసారి అనలేదని, నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, నువ్వైనా చెప్పమ్మా అని చిలకమ్మ వైపు తిరిగాడు.

చిలకమ్మ వారం వారం ఏడ్చే మనిషి. ఈవేళ ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"మిసను సప్పుడులో నాకేటీ ఇనబడనేదు బాబూ," అంది, తలుపు తీస్తూ.