పిండి డబ్బాలో బూటు

కూతురికి పైఊళ్లో డాన్సు కంపెనీలో చోటు దొరికిందని తెలిసినప్పటి నుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు బస్సుకు గంట ఉందనగా కూతురు ఇల్లంతా తిరగేస్తోంది.

"అమ్మా, నా స్టేజీ బూటు ఒకటే ఉంది. రెండోది దానంతటదే నడిచి వెళ్లిపోయిందా?"

"నాకేం తెలుసే? ఒంటికాలి మీద ఆడు."

కూతురు ఉసూరుమంటూ కుర్చీలో కూలబడింది. ఆ మొహం చూశాక తల్లికి పోట్లాడే ఓపిక లేకపోయింది. పిండి డబ్బాలోంచి బూటు తీసి, దులిపి ఇచ్చింది. తెగిపోవచ్చిన పట్టీకి కొత్త కుట్లు పడి ఉన్నాయి.

"దాచేదానివి మళ్లీ కుట్టడమెందుకమ్మా?"

"నువ్వు ఆగే రకానివా? అందరి ముందూ పట్టీ తెగి, బొక్కబోర్లా పడి కాలు విరిగితే అక్కడ నీకు దిక్కెవరు?"

తల్లి నీరసంగా సూది అందుకుంది.

"నీ దగ్గరున్న బూటు కూడా ఇలా ఇయ్యి."