చప్పుడు లేని షాపు

రాయగడ కోర్టు ఎదురుగా ఉన్న గణపతిరావు టైపు షాపులోకి రెండువేల ఒకటిలో కొత్త కీబోర్డు వచ్చింది. దాన్ని విశాఖపట్నం నుంచి అట్టపెట్టెలో తెచ్చినవాడు ఆయన మేనల్లుడు సత్తిబాబు. చదివింది మూడు నెలల కంప్యూటరు కోర్సు. నడక మాత్రం కంప్యూటరుని తనే కనిపెట్టినవాడిది.

"సప్పుడే ఉండదు మావయ్యా. ఎన్న మీద ఏలెట్టినట్టుంటాది" అన్నాడు.

తొమ్మిదేళ్లుగా అక్కడ టైపు చేస్తున్న ఝాన్సీలక్ష్మి వేలు పెట్టి చూసింది. వెన్న కాదు, నిన్నటి ఇడ్లీ. నొక్కితే దిగుతుంది, దిగి ఊరుకుంటుంది. కీలన్నిటి కిందా కలిపి ఒకటే రబ్బరు పొర. అక్షరం పడిందో లేదో దానికే తెలియదు, ఇక మనకేం చెబుతుంది?

ఆమె పాత కీబోర్డు సంగతి వేరు. కొరాపుట్‌లో ఏదో ఆఫీసు సామాన్లు అమ్మేస్తుంటే గణపతిరావు కారుచౌకగా తెచ్చిన బండ వస్తువు అది. ఒకసారి దుమ్ము దులపడానికి విప్పితే, ప్రతి అక్షరం కిందా దాని సొంత స్ప్రింగు, సొంత స్విచ్చి కనబడ్డాయి. కీ సగం దిగేసరికి వేలికి చిన్న మెట్టు తగులుతుంది. మెట్టు దాటగానే టక్కుమంటుంది, అక్షరం పడుతుంది. అడుగుదాకా తొక్కక్కర్లేదు, వేలిని అదే పైకి పంపేస్తుంది. అందుకే ఆమె కళ్లు ఎప్పుడూ కాగితం మీదే ఉండేవి. రెండు కీలు కలిసి పడితే టక్కులో తేడా తెలిసిపోయేది, తల ఎత్తకుండానే చెరిపి మళ్లీ కొట్టేది. ఇంత పనితనంలోనూ గణపతిరావుకి అర్థమైంది ఒక్కటే, అది చెవికి చిరాకని.

తీరా కొత్తదాని ముందు సత్తిబాబుని కూర్చోబెట్టాక ఆయనకి కొత్త జబ్బు పట్టుకుంది. ముందు గల్లా దగ్గర కూర్చుంటే లోపల్నుంచి ఝాన్సీలక్ష్మి టక్కులే తప్ప సత్తిబాబుది ఏమీ వినబడదు. గంటకి నాలుగుసార్లు "ఒరే సత్తీ, పని సేత్తన్నావేటి?" అని కేక వేయడం, నమ్మకం కుదరక లేచి వెళ్లి చూడటం. అయినా కొత్తదే గొప్పదట.

వారం తిరిగేసరికి తీర్పు చెప్పాడు.

"రేపట్నుంచి షాపులో ఒకలే. ఇద్దరికీ ఒకే అర్జీ ఇత్తాను, బాగా కొట్టినోల్దే కుర్చీ." పాత కీబోర్డు చూపించి, బయట బెంచీ మీద అర్జీదారులందరూ వినేలా ఇంకో మాట కూడా అన్నాడు. "ఈ సప్పుడు పెట్టె మాత్రం నాకొద్దు. నెగ్గినా ఓడినా నువ్వే అట్టుకుపో అమ్మీ, నీకే ఇచ్చేసినాను."

అందరూ నవ్వారు. ఝాన్సీలక్ష్మికి ఒళ్లు మండింది, భయమూ వేసింది. తొమ్మిదేళ్లుగా ఇల్లు గడిచింది ఆ కుర్చీ మీదే. ఎదురు వరుసలో జిరాక్సు షాపు నడిపే బాలామణి రెండేళ్లుగా టైపు పనికి రమ్మంటూనే ఉంది. బాలామణి దగ్గర పాత కంప్యూటరు ఒకటి ఉంది కానీ, ఇలాంటి కీబోర్డు లేదు.

అర్జీ గుణుపురం వైపు ముసలి రైతు ధనుంజయది. ఆయన పొలం నంబరు రికార్డులో తప్పు పడింది, మధ్యాహ్నం విచారణ. ఆయనకి చదువు రాదు. ఆ వైపు రైతులకి టైపు మిషను రోజుల నుంచీ ఒక పద్ధతి ఉంది. పొలం నంబరు తామే ఒక్కో అంకె చెబుతారు, టక్కు వినబడితేనే తర్వాతి అంకె. అన్నీ విన్నాకే వేలిముద్ర.

రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టారు. సత్తిబాబు కళ్లు కీల మీదే పెట్టి పరుగు లంకించుకున్నాడు. ముసలాయన అంకెలు మొదలుపెట్టగానే, "కాయితంలో ఉంది కదా తాతా, ఊరుకో" అని కసిరాడు. ధనుంజయ స్టూలుని ఝాన్సీలక్ష్మి వైపు జరుపుకున్నాడు.

"ఒకటి." టక్. "ఏడు." టక్. "మల్లీ ఏడు." టక్. "నాలుగు." టక్.

సత్తిబాబు కాగితమే ముందు బయటికి వచ్చింది. గణపతిరావు మొహం వెలిగిపోయింది. ముసలాయన దాని మీద వేలిముద్ర వేయనన్నాడు.

"ఇది నాను ఇన్నేదు బాబూ."

"ఏటి తాతా, కాయితాన్ని సెవితో సదువుతావేటి? ఇదిగో ఇను" అంటూ గణపతిరావు అందరి ముందూ గొంతెత్తి చదివాడు. "ఒకటి, ఏడు, నాలుగు..." అక్కడితో అంకెలు అయిపోయాయి.

"ఇంకో ఏడేది బాబూ?" అన్నాడు ధనుంజయ.

ఝాన్సీలక్ష్మి కాగితంలో ఆ రెండో ఏడూ ఉంది. ముసలాయన దాని మీద వేలిముద్ర వేసి కోర్టుకి నడిచాడు. సత్తిబాబు తన వేళ్ల వైపు చూసుకుంటూ, గట్టిగా నొక్కలేదు, అంతే అన్నాడు. వేలికి చెప్పే దిక్కు లేనప్పుడు ఎంత గట్టిగా నొక్కాలో వాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. "సర్లే అమ్మీ, కుర్చీ నీదే. కానీ కొట్టడం కొత్తదాని మీదే. వెయ్యి పోసి తెచ్చినాం."

ఇంత జరిగాక కూడా. ఝాన్సీలక్ష్మికి కోపం పోయి అసహ్యం మిగిలింది. పాత కీబోర్డు తీగ ఊడదీసి చుట్ట చుట్టి, చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

"అదెక్కడికి? అది షాపుది" అన్నాడు గణపతిరావు.

"మీరే ఇచ్చేసినారు కదా బాబూ. బెంచీ మీదోలందరూ ఇన్నారు."

బెంచీ మీద తలలన్నీ అవునన్నట్టు ఊగాయి. అరగంటలో బాలామణి షాపులోంచి టక్కుటక్కుమని మొదలైంది. బెంచీ మీదివాళ్లు ఒక్కొక్కరే లేచి రోడ్డు దాటారు. గణపతిరావు షాపు మాత్రం, ఆయన ముచ్చటపడ్డట్టే, చప్పుడు లేకుండా ఉంది.