ట్రంపెట్ వాయించే పెదవి

ఆదివారం పొద్దున బ్యాండు హాల్లో పొడవాటి బల్ల మీద ఆమె రెండు కాగితాల కట్టలు పరిచింది. రెండూ ఒకే పాత కవాతు పాట. ఒకటి మామగారు చేత్తో రాసిన కూర్పు. అందులో సగం దాటాక మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోతాయి, ట్రంపెట్ ఒక్కటే పై స్వరాల్లోకి ఎక్కి చాలాసేపు అక్కడే నిలబడుతుంది. రెండోది అచ్చు కూర్పు; అక్కడ ఆ బరువును నలుగురు పంచుకుంటారు. వచ్చే వారం కచేరీలో ఏది వాయించాలో ఇవాళ తేలిపోవాలి.

బ్యాండు మాస్టరు ఆమె మొగుడు. మొదటి ట్రంపెట్ ఆమె తమ్ముడు. పెద్ద డ్రమ్ము వాయించేదీ, పాటల నొటేషన్ కాగితాలుండే బీరువా తాళాలు మోసేదీ ఆమే. ఆ ఇద్దరి మధ్యా ఆమెది అడకత్తెరలో పోకచెక్క బతుకు.

నాలుగు రోజుల కిందట తమ్ముడు ఆమె వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "ముందుపన్ను కదుల్తోందక్కా. పైకి పోతే గాలి తప్ప మోత రావట్లేదు. బావతో మాత్రం అనకు."

"నేనెందుకంటాన్రా!" అంది. ఆ సాయంత్రమే మొగుడి చెవిన వేసింది. ఆయనే అచ్చు కూర్పు ఎంచితే తమ్ముడి పరువు నిలుస్తుందని ఆమె ఆశ. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆమెకు తెలియక కాదు.

"అచ్చుదే బాగుంది బావా. నిండుగా ఉంటుంది" అన్నాడు తమ్ముడు, కాగితాలు తిరగేస్తూ.

"మా నాన్న రాసింది వెలితిగా ఉందా?"

"అలా కాదు. పాతబడిందంటున్నా."

మాస్టరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "పాతబడింది అదా, నీ పన్నా?"

వెనక ట్యూబా బాకాలవాళ్ళ వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు తల తిప్పి చూశాడు, బావ వైపు కాదు, ఆమె వైపు. "నువ్వేనా అక్కా?"

ఆమె చేతిలోని తాళాల గుత్తి వైపు చూపు దించుకుంది. తమ్ముడికి అదే జవాబైంది. పక్కనున్న, కాగితాలు పెట్టుకునే ఇనప స్టాండు ఎత్తి విసిరాడు. మాస్టరు కణత చీరుకుపోయి, నెత్తురు బొటబొటా తండ్రి చేతిరాత మీద పడింది. తన గాయాన్ని పట్టించుకోనివాడు ఆ మరకలు చూసి రగిలిపోయాడు. బల్ల మీదుగా దూకి, బామ్మర్ది కాలర్ దొరకబుచ్చుకుని గోడకేసి కొట్టాడు. మొదటి గుద్దుకు పెదవి చీలింది. రెండోదానికి పళ్ళు రాలాయి.

"ఇంక ఊదరా! ఊదు!"

వెనకనుంచి పట్టుకోబోయిన ట్యూబా వాయించే ఆయనకు మోచేయి తగిలి ముక్కు పగిలింది. తమ్ముడు గోడవెంట జారి కూలబడ్డాడు. గొంతులోకి జారిన నెత్తురు గుటకలేస్తున్నాడు. అయినా మాస్టరు మళ్ళీ పిడికిలెత్తాడు.

"మూతి మీద కాదండీ! వాడి మూతి మీద కొట్టకండీ!"

ఆయనకు వినపడలేదు. ఆమె డ్రమ్ము కర్ర రెండు చేతులా ఎత్తి ఆయన మణికట్టు మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది.

తమ్ముడికి పెదవి మీద ఏడు కుట్లు పడ్డాయి, పళ్ళు రెండు పోయాయి. మాస్టరు కుడిచేతికి పిండికట్టు. ఎవరు కొట్టారని డాక్టరు ఎంత అడిగినా ముగ్గురిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంట్లో ఆమె కంచం ముందు పెడితే ఆయన ఎడంచేత్తో తిని లేచిపోయేవాడు. క్షమించమని ఆయనా అనలేదు, ఆమే అనలేదు.

కచేరీకి ముందురోజు బ్యాండువాళ్ళు బీరువా దగ్గరికొచ్చారు. "ఏది వాయిద్దామమ్మా?"

"అచ్చుది" అంది. మరకలు పడ్డ కట్టకు దారం చుట్టి అడుగు అరలో పెట్టింది. మర్నాడు కచేరీలో నడిపించేవాడు లేక తనే డ్రమ్ముతో తాళం పట్టి పాట దాటించింది.

మాస్టరు రాలేదు. తమ్ముడు వచ్చి, మూతికి కట్టుతో జనం వెనక చివరి వరసలో నిలబడ్డాడు. జనం వెళ్ళిపోయాక దగ్గరికొచ్చి, కుట్లు లాగుతుంటే మాట కూడదీసుకున్నాడు.

"రెండో పేజీలో... తాళం పరిగెత్తించావ్."

ఆమె కళ్ళు నిండాయి. "నామీద కోపం పోయిందా?"

"లేదు. పరిగెత్తించావని చెప్తున్నా, అంతే."

అని డ్రమ్ముకు రెండోవైపు పట్టుకుని, ఆమెతోపాటు వ్యాను దాకా మోశాడు.