ఫ్లెక్సులో రామాంజినప్ప కళ్ళు

పొద్దున్నే పాల డైరీలో క్యాను దించి కొలత వేయించుకునేంత సేపు చాలు రామాంజినప్పకు, పేపర్లో ఉన్న లోకాన్నంతా ఉతికి ఆరేయడానికి. కోలారు జిల్లాలో, ఆవని ఊరికి ఇవతల ఉన్న ఆ పల్లెకు పేపరు వచ్చేది కన్నడంలో, ఆయన తిట్టేది తెలుగులో. కుక్కపిల్లకు పుట్టినరోజని వీధంతా బ్యానర్లు కట్టినవాణ్ణి వదలడు. పెళ్ళికి ముందే పాత బంగారు గనుల సైనైడ్ దిబ్బల మీదికెక్కి ఫోటోలు తీయించుకున్న జంటనూ వదలడు. గుడి హుండీకి స్కాన్ చేసే బొమ్మ అంటించారని చదివినరోజు, "ఇంగ దేవుడు గూడా సెల్లు పట్టుకోని కూర్చుంటాడేమప్పా, టింగుమని సద్దు వచ్చినాదా లేదా అని" అన్నాడు. పాలు పోసినవాళ్ళు ఇళ్ళకు పోకుండా అక్కడే నిలబడి వినేవాళ్ళు. నవ్వుతారు గదా అని ఆయన ఇంకో రెండు అంటించేవాడు.

టమాటా తోటల్లో దిష్టికని సినిమా ఆడవాళ్ళ ఫోటోలు కట్టడం మొదలైనప్పుడు ఆయనకు చేతినిండా పని దొరికింది. "పంటకు దిష్టి తగలకూడదంటే బూడిదగుమ్మడికాయ ఉండాది, సున్నంబొట్ల కుండ ఉండాది. మన పెద్దోళ్ళు తెలివితక్కువోళ్ళా? ఈయమ్మ ఫోటో పెడితే దిష్టి పోతాదా? దావన పొయ్యేటోడు బండి నిలిపి మరీ చూస్తాడు" అన్నాడు. దిష్టి లేదని మాత్రం ఆయన ఏనాడూ అనలేదు. దిష్టి ఉంది, దాన్ని తీసే పద్ధతి ఉంది, ఆ పద్ధతి తప్పితేనే చేటు అని ఆయన వాదం.

కోపం వస్తే ఆయన కళ్ళు చూడాలి. గుడ్లు ముందుకు తోసుకొచ్చి, చుట్టూ తెల్లగా కనబడేవి. ఒకనాడు టీవీలో ఏదో వార్త చూసి ఆయన చెండాడుతుంటే, కోడలు చైత్ర ఊరికే సరదాకు సెల్లు ఎత్తింది. "నన్నే తీస్తావా?" అని ఆయన తిరిగిన క్షణం ఆ ఫోటోలో పడింది. చైత్ర దాన్ని చెల్లెలికి పంపింది, చెల్లెలు ఇంకెవరికో పంపింది. వారం తిరక్కుండా రాబర్ట్‌సన్‌పేటలో ఫ్లెక్సులు కొట్టే క్లెమెంట్ చేతికి చేరింది. క్లెమెంట్ వెనకనున్న గోడను తీసేసి, చుట్టూ ఎర్ర అంచు వేసి, కింద నిమ్మకాయ, మిరపకాయల బొమ్మలు పెట్టి తలుపంత సైజులో అచ్చు కొట్టాడు.

మొదటిది కట్టింది పక్కపొలం నందీశ్. ఆ సంగతి తెలిసి రామాంజినప్ప గయ్యిమని పొలానికి పోయాడు. పండిన కాయల మధ్యలో తన మొహం అంతెత్తున నిలబడి ఉరిమి చూస్తుంటే, అబద్ధమెందుకు, లోపల కొంచెం పొంగిపోయాడు.

"ఆయమ్మ ఫోటోకన్నా నువ్వే మేలు గదా పెద్దప్పా" అన్నాడు నందీశ్, తలగోక్కుంటూ.

"ఆ ఎర్ర అంచు యాలరా, సర్కస్ మాదిరి" అని మాత్రం అని వచ్చేశాడు.

ఆ ఏడు వానలు కలిసొచ్చాయి, మండీలో ధర నిలబడింది. జనం ఆ గొప్పంతా రామాంజినప్ప కళ్ళకు కట్టబెట్టారు. ముళబాగిలు తాలూకాలో ఎటు పోయినా ఆయనే. టమాటా కట్టెల మధ్యలో ఆయనే, మామిడితోట గేటు మీద ఆయనే, పట్టుపురుగుల షెడ్డు ముందర, సగం కట్టిన మేడ మీద ఆయనే. బస్సులో పోతుంటే పిల్లలు కిటికీలోంచి చూసి, పక్కన కూర్చున్న అసలు మనిషిని చూసి, తల్లి వెనక దాక్కునేవాళ్ళు.

అప్పుడు మొదలైంది. డైరీ దగ్గర పేపరు విప్పి చదువుతుంటే వరుస మధ్యలో అక్షరాలు లేవు. కళ్ళు నలుపుకుని చూస్తే ఆ ఖాళీలో పచ్చగా ఏదో కదులుతోంది. ఆకు. గాలికి ఊగుతున్న టమాటా ఆకు, దాని వెనక ఒక కట్టె, కట్టెకు కట్టిన దారం. తల పక్కకు తిప్పితే ఆకు కూడా వార్త మీది నుంచి వార్త మీదికి జరిగింది. ఆయన పేపరు మడిచి, ఏమీ జరగనట్టు ఇంటికి వచ్చేశాడు.

రోజురోజుకూ ఖాళీలు పెరిగాయి. కోలారులో కంటి డాక్టరు లైటు వేసి చూసి, కళ్ళు కుర్రాడికున్నట్టు ఉన్నాయి, ఏ జబ్బూ లేదు అన్నాడు. ఆ మాట చెప్పే డాక్టరు మొహం రామాంజినప్పకు కనబడలేదు. మొహం ఉండాల్సిన చోట ఎవరిదో మామిడితోట, ఎండలో ఎవరూ లేని దారి, దారి మీద నడుస్తున్న కుక్క కనబడ్డాయి. భయమంటే ఏమిటో ఆయనకు ఆ కుర్చీలో తెలిసింది. పేపరు చదవలేని రామాంజినప్ప ఎవరికి కావాలి? డైరీ దగ్గర ఎవరు నిలబడతారు? కళ్ళు పోతే తన దగ్గర మిగిలేదేమిటో ఆయనకే తెలియలేదు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఉండగా నందీశ్ తోటలోకి దూడ దూరడం చూశాడు. నందీశ్ తోట అరుగు మీదికి కనబడదు. మధ్యలో ఊరంతా ఉంది. "చైత్రా, నందీశ్‌కు ఫోను కొట్టు. తెల్లమచ్చ దూడ, మూడో సాలులో పడి మేస్తా ఉండాది" అన్నాడు. నందీశ్ పరిగెత్తి చూస్తే మూడో సాలులో తెల్లమచ్చ దూడే ఉంది.

ఆ సాయంత్రం నందీశ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. 

"యాడి నుంచి చూసినావు పెద్దప్పా?"

"నువ్వు కట్టినావే, ఆడి నుంచే."

నందీశ్ లేచాడు. వెళ్ళి కొడవలితో ఫ్లెక్సులో రెండు కళ్ళూ కోసేశాడు. అరుగు మీద రామాంజినప్పకు కంట్లో కారం పడినట్టు మండింది, తర్వాత చల్లబడింది. గోడ మీది క్యాలెండరులో ఒక మూల తేటగా కనబడింది.

దారి దొరికింది గానీ, పండే తోటలోంచి దిష్టిబొమ్మను ఎవరు తీస్తారు? రామాంజినప్ప బతిమాలలేదు, బతిమాలడం ఆయనకు రాదు. మర్నాడు డైరీ దగ్గర పేపరు చంకలో పెట్టుకుని, తోటల వార్తలు చదివినట్టు చెప్పాడు. ఎవరి తోటలో మధ్యాహ్నం పూట పేకాట నడుస్తుందో, ఎవరు పక్కవాడి పైపుకు తూటు పెట్టి నీళ్ళు మళ్ళించుకుంటారో, భార్య ఊళ్ళో లేనప్పుడు షెడ్డు దగ్గరికి ఎవరు వచ్చి పోతారో. పేర్లు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఎవరూ నవ్వలేదు. పాలు పోసి ఒక్కొక్కరే తలవంచుకుని వెళ్ళిపోయారు. దిష్టి పోవాలని బొమ్మ కట్టినవాళ్ళకు, ఆ బొమ్మ నిజంగా చూస్తోందని తెలిసేసరికి గుండె జారింది. నందీశ్ కొడవలికి తీరిక లేకుండా పోయింది. తాలూకా అంతటా కళ్ళు లేని రామాంజినప్పలు మడతపడి గొడ్లపాకల మీదికి ఎక్కారు. ఇక్కడ అసలు రామాంజినప్పకు కొంచెం కొంచెంగా వీధి వచ్చింది, అరుగు వచ్చింది, తన చేతులు వచ్చాయి.

మధ్యది మాత్రం రాలేదు.

చుట్టుపక్కలంతా కనబడుతుంది. దేన్ని నేరుగా చూస్తే అది కనబడదు. అన్నం చూద్దామంటే కంచం అంచు కనబడుతుంది, కోడలిని చూద్దామంటే ఆమె చెవికమ్మలు కనబడతాయి. నడుమ ఎప్పుడూ ఒకటే చోటు. రేకుల ఇంటి ముందర చిన్న వాకిలి, బట్టలు ఆరేసే తీగ, ప్రహరీ అవతల బూడిదరంగు దిబ్బ. తోట కాదు. ఆ వాకిట్లో పగలంతా ఒక ఆడమనిషి తిరుగుతుంటుంది. చూపుకు సరిగ్గా కిందనున్న తలుపులోంచి వస్తుంది కాబట్టి ఆమె వీపే కనబడుతుంది. లోపలికి పోయేటప్పుడు తలవంచుకుని పోతుంది.

బట్టలు ఆరేస్తూ ఒకసారి ఆమె కుడిపాదం తీసి ఎడమకాలి మీద పెట్టుకుని, కొంగలాగా ఒంటికాలి మీద నిలబడింది. రామాంజినప్ప చేతిలోని గ్లాసు జారిపోయింది. ఆ నిలబడ్డం మానుకొమ్మని ఆమె చిన్నప్పుడు ఎన్నిసార్లు తిట్టాడో.

రామాంజినప్పకు అర్పిత అని ఒక కూతురుందని ఊరందరికీ తెలుసు. ఆయన ముందర ఎవరూ ఆ పేరు ఎత్తరు. గనుల్లో పనిచేసినవాళ్ళ ఇంటి అబ్బాయి సుందర్‌రాజ్‌ను ఆమె కోరమండల్ గని కాలనీ చర్చిలో పెళ్ళి చేసుకున్న మర్నాడు, ఆయన ఇదే డైరీ దగ్గర పేపరు మడిచి, అదీ ఒక వార్తే అయినట్టు, "ఇంగ నా జన్మలో దాని మొహం చూసేది లేదు" అని నలుగురిలో చెప్పాడు. నలుగురూ తలలూపారు. రోషంగల మనిషి అనుకున్నారు. ఆ మాట మీదే నిలబడి ఏళ్ళు గడిపేశాడు. 

వాకిట్లో ఒక పిల్ల కూడా ఉంది. నాలుగేళ్ళుంటాయేమో. పొద్దున పాలగ్లాసు పట్టుకుని వచ్చి, తల పైకెత్తి తిన్నగా ఆయన కళ్ళలోకి చూస్తుంది. తాలూకా అంతా జడిసిన ఆ చూపుకు ఆ పిల్ల తన గుడ్లు కూడా ఉరిమి చూపిస్తుంది. తర్వాత నవ్వి వెళ్ళిపోతుంది. ఎవరికీ చెప్పకుండా రామాంజినప్ప అరుగు మీద కూర్చుని పొద్దుపొద్దునా ఆ పిల్ల కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు. వార్త వినిపించమని డైరీలో ఎవరైనా అడిగితే చిరాకు పడేవాడు.

కానీ నడుమ చోటు పెద్దదవుతోంది. వాకిలి చుట్టూ మిగిలిన లోకం సన్నబడి, పళ్ళెం అంచులాగా అయిపోయింది. ఒకనాడు బావి గట్టు అనుకుని అడుగు వేసి పడబోతే చైత్ర రెక్క పట్టుకుని ఆపి, ఏడ్చేసింది. "మామా, నీకు దండం పెడతాను, ఆ మిగిలిన బొమ్మ ఒక్కటి యాడుండాదో చెప్పు. నందీశన్న పోయి కోసేసి వస్తాడు" అంది.

ఆ ఇల్లెక్కడో తెలియని రామాంజినప్ప, అచ్చు కొట్టినవాణ్ణే అడుగుదామని నందీశ్ బండి వెనక కూర్చుని రాబర్ట్‌సన్‌పేటకు పోయాడు. ఫ్లెక్సు షాపులో క్లెమెంట్ లేచి కుర్చీ వేశాడు గానీ, ఆయన కళ్ళలోకి చూడ్డానికి జంకాడు.

"కోరమండల్‌కు ఒకటి పోయినాదయ్యా. ఒక అమ్మ వచ్చి, ఎర్ర అంచు వద్దు, నిమ్మకాయ వద్దు, మొహం మాత్రం చాలు అన్నాది. దిష్టికి కొనేవాళ్ళు అట్ల అడగరు" అన్నాడు.

కోరమండల్‌లో పాత గనివాళ్ళ ఇళ్ళ వరుసలో, బొమ్మ కనబడిన ఇంటి ముందర నందీశ్ బండి ఆపాడు. కొడవలి గోనెసంచిలో చుట్టుకుని, "నువ్వు మాట్లాడుకో పెద్దప్పా. పిలిస్తే వస్తాను" అని అక్కడే నిలబడిపోయాడు. రామాంజినప్ప గేటు తోసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

ఎదురుగా తనే వస్తున్నాడు. గేటు దగ్గర పంచె కుచ్చెళ్ళు పట్టుకుని, చెయ్యి గాలిలో ముందుకు చాచి, తడుముకుంటూ వస్తున్న ముసలివాడు. ఆయన ఆగితే వాడూ ఆగాడు. అద్దంలోలాగా కాదు, పైనుంచి, తలుపు మీది బొమ్మలోంచి, ఎవరో వాకిట్లోకి వచ్చిన పరాయివాణ్ణి చూస్తున్నట్టు. ఇంత కుంగిపోయానా అనుకున్నాడు. 

కింద తలుపు చప్పుడైంది. ఆడమనిషి జడ, వీపు ఆయనకూ ఆ ముసలివాడికీ మధ్యలోకి వచ్చి నిలబడ్డాయి. పిల్ల ఆమె చీర పట్టుకుని ఉంది.

"నాయనా" అంది అర్పిత. గొంతు ఎదురుగా వినబడింది. కనబడింది వీపే.

ఆయన గొంతు వినబడిన వైపు తిరిగాడు.

"బొమ్మ తీసేయాలని వచ్చినావా? ఊళ్ళల్లో అన్నీ కోసేస్తా ఉండారంట గదా, విన్నాను. ఇంటికి దిష్టని మా అత్తతో అబద్ధం చెప్పి కట్టినాను. నీ ఫోటో ఇంగొకటి నా దగ్గర లేదు." పిల్లను దగ్గరికి లాక్కుంది. "కోసుకోని పో. నీ కళ్ళకన్నా ఎక్కువ కాదు నాకు."

గేటు బయట నందీశ్ సంచి విప్పుతున్న సద్దు వినబడింది. ఒక్క మాట అంటే చాలు. కంట్లో కారం పడినట్టు మండుతుంది, చల్లబడుతుంది, లోకం తిరిగొస్తుంది. ఎదురుగా ఉన్న మొహం కూడా కనబడుతుంది. కనబడకపోతే? డాక్టరు కుర్చీలో పట్టుకున్న భయం మళ్ళీ పట్టుకుంది. కోసిన చోట ఒట్టి చీకటి మిగిలితే, ఈ వాకిలి గూడా పోతే?

"అమ్మా" అన్నాడు. "ఒక్కసారి అటు తిరుగు."

అర్పిత వీపు బిగుసుకుంది.

"ఇంగా నా మొహం చూడకూడదా నీకు?" అంది మెల్లగా. "ఇంత దూరం వచ్చి గూడా?"

ఆమె ఏడుస్తోందని గొంతులో తెలుస్తోంది.  లోకంలోని ప్రతి వార్తకూ మాట ఉన్న మనిషి, ఒక్క మాట దొరక్క చేతులు జోడించాడు. వాకిట్లో ఒక ముసలివాడు చేతులు జోడించడం పైనుంచి చూశాడు.

అర్పిత తిరిగింది. తండ్రికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి తలవంచుకుని నిలబడింది.

"పైకి చూడమ్మా. బొమ్మ కళ్ళల్లోకి."

ఆమె తలెత్తింది. రామాంజినప్పకు కూతురి మొహం కనబడింది. చెంపలు లోపలికి పోయాయి. పాపిట పక్కన అప్పుడే ఒక తెల్లవెంట్రుక. కుడికంటి నీళ్ళు ముక్కు పక్కగా జారి పెదవి మీద ఆగాయి.

"ఇట్ల చిక్కిపోయినావేమే" అన్నాడు వెనక నుంచి. "పెదవి మీద నీళ్ళు తుడుచుకో తల్లీ."

అర్పిత చెయ్యి పెదవి దాకా లేచి, అక్కడే ఆగిపోయింది. బొమ్మలోని కళ్ళను చూసింది.  పిల్ల తల్లిని చూసి, తాతను చూసి, బొమ్మను చూసింది. గేటు దగ్గర నుంచి నందీశ్, "కోసేదా పెద్దప్పా?" అని అడిగాడు. 

వెనక్కి తిరిగితే తండ్రికి తను కనబడనని అర్పితకు అర్థమైంది. ఇంక తిరగలేదు. తండ్రికి వీపు పెట్టే, గోడ మీది ఆ రెండు గుడ్లలోకి తలెత్తి, "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగింది.